డ్రాగన్ పళ్ళు ఊడే పేజీ

పళ్ళాయన చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి నోరు ఉంటుంది. పెద్దవీధిలో కళ్ళజోళ్ళ దుకాణం వెనక, ఒకే ఒక్క కిటికీ ఉన్న పొడుగాటి గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తాడు. దంతవైద్యులు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద మైనం పేర్చి, పన్ను పక్కన పన్ను నిలబెట్టి, పై దవడా కింది దవడా కలిసే చోట చూపు నిలిపాడంటే పిలిచినా పలకడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆ నోళ్ళ సొంతదారుల్లో నూటికి తొంభై మందిని ఆయన చూడనే లేదు. వీధిలో ఎవరైనా నవ్వితే మాత్రం మొహం కంటే ముందు పళ్ళు చూసి, ‘ఇది మనదే’ అనుకుంటాడు.

నెలలో మొదటి ఆదివారం ఆయనకు ఇంకో పని ఉంది. గ్రంథాలయం మేడమీది గదిలో ఎనిమిది కుర్చీలు వేసి, కొత్తగా వచ్చినవాళ్ళకు డ్రాగన్ల లోకాన్ని పరిచయం చేస్తాడు.

ఆ లోకం పేరు నివురుసీమ. ఏడు లావుపాటి నవలల్లో ఉంది. రాసినావిడ ఏడోదానితో కలం పక్కన పెట్టేసింది. చదివినవాళ్ళు ఊరుకోలేక, అదే లోకంలో తమ కథలు తాము రాసుకోవడం మొదలుపెట్టారు. అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో పాతికమంది ఉన్నారు. కళ్ళజోళ్ళావిడ, టికెట్లాయన, లిఫ్టు మెకానిక్కు అంటూ ఒకరినొకరు చేసే పనితోనే పిలుచుకుంటారు. పళ్ళాయన అనగానే పళ్ళు అమ్ముకునే మనిషనుకుని అరటిపళ్ళ ధర అడిగిన కొత్తవాళ్ళూ ఉన్నారు.

కొత్తవాళ్ళు నేరుగా కథ రాసి పట్టుకురావడానికి వీల్లేదు. ముందు ఆయన ఎదురుగా కూర్చోవాలి. పదకొండు పేజీల ‘దారిచూపు’ చదవాలి. నివురుసీమలో ఏముందో, ఏం లేదో, ఏం జరుగుతుందో, ఏం జరగదో అందులో ఉంటుంది.

“ముందు కిందికి దిగండి,” అని మొదలుపెడతాడు.

కొత్తవాళ్ళు తాము కూర్చున్న కుర్చీల వంక చూసుకుంటారు.

“కుర్చీ మీంచి కాదు, డ్రాగన్ మీంచి. ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ మొదటి పేజీలోనే డ్రాగన్ ఎక్కేస్తారు. నివురుసీమలో దాని మీద ఎవరూ ఎక్కరు. ఏడు పుస్తకాల్లోనూ కలిపి ఒక్కడు ఎక్కబోయాడు. వాడి చెప్పులు దొరికాయి.”

ఎవరో ఒకరు తప్పకుండా చేతిలో కాగితాలు మెల్లగా సంచిలోకి తోసేస్తారు. ఆయన చూడనట్టు ఊరుకుంటాడు.

“రెండోది. నిప్పు ఊరికే రాదు. ఆకలి మీదున్న డ్రాగన్ నోట్లోంచి పొగ కూడా రాదు. కాబట్టి యుద్ధం రాసే ముందు మీ డ్రాగన్ పొద్దున్న ఏం తిందో రాయండి. మూడోది. తెల్ల డ్రాగన్, నీలం కళ్ళు. దయచేసి వద్దు. అలాంటివి మా దగ్గర ఇప్పటికే ముప్ఫై ఒకటి ఉన్నాయి.”

నవ్వుతారు. ప్రశ్నలు వేస్తారు. నెలంతా మాట్లాడని నోళ్ళతో గడిపే మనిషికి ఆ రెండు గంటలూ ఎంత ముఖ్యమో ఆయన ఎవరికీ చెప్పలేదు. శనివారం సాయంత్రమే ఆ మాటలన్నీ పైకి అనుకుంటూ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకోవడం చూసి భార్య గ్రహించింది. “పెళ్ళిచూపులకు కూడా ఇంత ఇస్త్రీ లేదు,” అంటుంది. ఆయన మాత్రం ఇంతవరకు ఒక్క కథా రాయలేదు. అడిగితే, “దారిచూపు చూసుకోడానికే తీరిక చాలడం లేదు,” అంటాడు.

ఆ దారిచూపు ఆయన చేతికి రావడానికి ఒక కథ ఉంది. ఆరేళ్ళ కిందట అది టికెట్లాయన దగ్గర ఉండేది. అబద్ధం చెప్పేవాడి వాసన డ్రాగన్ పసిగడుతుందని ఆయన అందులో ఒక వాక్యం చేర్చాడు. కథల్లో ఎవరైనా ఏమైనా కల్పించుకోవచ్చు. దారిచూపులో మాత్రం పుస్తకాల్లో ఉన్నదే ఉండాలి. లేనిది చేర్చినవాళ్ళు దాన్ని ఇంకొకరికి అప్పగించి తప్పుకోవాలి. అది వాళ్ళు మొదట్నుంచీ పెట్టుకున్న కట్టుబాటు. ఆ రోజు ఏడు సంపుటాలూ సంచిలో మోసుకొచ్చి, బల్ల మీద వరసగా పేర్చి, “ఏ పుస్తకం, ఏ పేజీ?” అని అడిగింది పళ్ళాయనే. టికెట్లాయన దారిచూపు ఆయన ముందు పెట్టి వెళ్ళి వెనక కూర్చున్నాడు. అప్పట్నుంచీ ‘ఏ పుస్తకం, ఏ పేజీ’ పళ్ళాయనకు ఊతపదమైపోయింది.

ఈమధ్య అత్తగారు నెల్లాళ్ళు ఉందామని వచ్చింది. రెండో కంటికి కూడా శుక్లం తీయించుకుంది. “కళ్ళు కొత్తవొచ్చాయి. చూడ్డానికే ఏమీ లేదు,” అని ఆవిడ రెండుసార్లు అనేసరికి, అల్లుడు నివురుసీమ మొదటి సంపుటం తెచ్చి ఇచ్చాడు. దానితోపాటు మర్యాదకోసం దారిచూపు కూడా.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు మందుల గిడ్డంగిలో సరుకు సరిచూసిన మనిషి. వచ్చిన డబ్బాకీ జాబితాలో ఉన్న డబ్బాకీ పొంతన కుదిరితేనే లారీ కదిలేది. చదవడం కూడా అలాగే చదివింది. ఏడు సంపుటాలూ పంతొమ్మిది రోజుల్లో పూర్తి చేసి, ఇరవయ్యో రోజు పొద్దున్న టీ తాగుతున్న అల్లుడి ముందు దారిచూపు పెట్టింది. దాదాపు ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో ఒక టిక్కు, సంపుటం అంకె, పేజీ అంకె.

“అల్లుడుగారూ, ఒక డబ్బా తక్కువొచ్చింది,” అంది. మాటకు ముందు ఆవిడ కింది పళ్ళ సెట్టు టక్కుమంది. అది నాలుగేళ్ళ కిందట ఆయన చేసిచ్చిందే. వదులైందని ఆవిడ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన వచ్చేవారం అన్నాడు.

“ఏ డబ్బా అత్తయ్యగారూ?”

“ఆరో పేజీ, నాలుగోది.”

ఆయన చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. ‘ఏడేళ్ళకోసారి డ్రాగన్ పళ్ళు ఊడతాయి. కొత్తవి వచ్చేదాకా అది నిప్పు ఊదదు. ఊదితే చిగుళ్ళు కాలతాయి.’

“మూడో సంపుటంలో ఉంటుందండీ. గుహ అధ్యాయం.”

“మూడోది రెండుసార్లు చూశాను. గుహలో అది నిద్రపోతుంది, లేస్తుంది, మేకను తింటుంది. పళ్ళు ఊడినట్టు లేదు. మేకను తింది కాబట్టి ఉన్నట్టే లెక్క.”

ఆయన నవ్వి పనికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి మూడో సంపుటం తీశాడు. మర్నాడు నాలుగోది తీశాడు. మూడో రోజు ఐదో సంపుటం పని గదికే పట్టుకెళ్ళి, ఒక పెద్దమనిషి సెట్టులో ఎడమవైపు దవడపన్ను కుడివైపు నిలబెట్టి, అది అచ్చు పంపిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేలోపు చూసుకుని గతుక్కుమన్నాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు.

ఆ వాక్యాన్ని నమ్ముకుని అరవై పైచిలుకు కథలు వచ్చాయి. కళ్ళజోళ్ళావిడ రాసిన ‘బోసినోటి కాలం’ అయితే అందరికీ ప్రాణం. పళ్ళు ఊడి సిగ్గుతో కొండ దిగని ముసలి డ్రాగన్‌కు ఊరివాళ్ళు మెత్తటి కూడు మోసుకెళ్ళే కథ అది. అది విని లిఫ్టు మెకానిక్కు అందరిముందూ కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏమండీ, ఆ డ్రాగన్లకు లేకపోతే పోయాయి, మీ పళ్ళు అలా కొరక్కండి,” అంది భార్య.

“అది లేకపోతే నేను తప్పుకోవాలి. తెలుసా నీకు?”

“ఎక్కణ్ణించి?”

“ఆదివారం నుంచి.”

ఆమె ఇంక వేళాకోళం చేయలేదు.

పదమూడేళ్ళ కూతురు గోడకు ఆనుకుని కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. చిన్నప్పుడు ఆ పుస్తకాలు తండ్రి చదివి వినిపించినవే. ఇప్పుడు డ్రాగన్ల పేరెత్తితే ఆవులిస్తుంది. తలెత్తకుండానే అంది. “అది పుస్తకంలో లేదు నాన్నా. నువ్వు చెప్పిందే.”

“నేనెప్పుడు చెప్పానే?”

“నా ముందు పన్ను ఊడినప్పుడు. బళ్ళో అందరూ బోసినోరు బోసినోరు అని ఏడిపించారని, బడికి వెళ్ళనని గొడవ చేశానుగా. అప్పుడు నువ్వు పుస్తకం చదువుతూ మధ్యలో డ్రాగన్‌కి కూడా ఊడాయన్నావు. తర్వాత చదవడం వచ్చాక వెతికాను. లేదు.”

“మరి అప్పుడే చెప్పొద్దూ?”

“పుస్తకంలో లేకపోతేనేం, బాగుందిగా అని ఊరుకున్నా.” మళ్ళీ లెక్కల్లో పడిపోయింది.

కూతురికి ధైర్యం చెప్పడానికి అన్న మాటను ఏడాది తిరక్కుండా తానే చదివినట్టు నమ్మి, దారిచూపులో రాసేసుకున్నాడన్నమాట. ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి తానే.

అత్తగారు ఆయన మొహం చూసి దగ్గరికొచ్చింది. “అల్లుడుగారూ, నేను పెట్టినవన్నీ పెన్సిలు గీతలే. ఈ సంగతి మనింట్లో తప్ప ఎవరికీ తెలీదు. చెరిపేయమంటే చెరిపేస్తాను.”

ఆయన ఆశగా చూశాడు.

“ఆరో పేజీ నాలుగోదానికి టిక్కు మాత్రం పెట్టను. అది నావల్ల కాదు,” అందావిడ.

మొదటి ఆదివారం రానే వచ్చింది. ఎనిమిది కుర్చీల్లో ఐదుగురు కొత్తవాళ్ళు, మూడో కుర్చీలో అత్తగారు. ఆవిడ కూడా కథ రాస్తానని తయారైంది. వెనక పాతవాళ్ళు ఏడెనిమిదిమంది, గోడవారగా టికెట్లాయన. పళ్ళాయన చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు కానీ ఒక గుండీ తప్పుగా పెట్టుకున్నాడు.

దారిచూపు ప్రతులు పంచి, “ముందు కిందికి దిగండి” అనకుండా, “ఆరో పేజీ తీయండి,” అన్నాడు. “నాలుగోది కొట్టేయండి.”

పెన్ను ఎవరూ తీయలేదు.

“కొట్టేయడమేంటండీ?” వెనకనుంచి కళ్ళజోళ్ళావిడ లేచింది. “నా కథంతా దాని మీద నిలబడుంది!”

“కథ ఉంటుందమ్మా. కథలో కల్పించుకోవచ్చు. ఇందులో ఉండకూడదు. ఇది పుస్తకాల్లో లేదు.”

“ఎవరు చేర్చారు మరి?”

“నేనే.”

టికెట్లాయన గొంతు సవరించుకున్నాడు. ఆరేళ్ళుగా ఆ గదిలో ఆయన గొంతు పెద్దగా వినపడలేదు. తీరిగ్గా లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, “ఏ పుస్తకం, ఏ పేజీ?” అన్నాడు.

“ఏ పుస్తకమూ లేదు. మా అమ్మాయి ముందు పన్ను.”

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. పళ్ళాయన జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. చెప్తూ చెప్తూ తప్పు గుండీ చూసుకుని సరిచేసుకున్నాడు.

ముందు కుర్చీలో కొత్తగా వచ్చిన నర్సు చెయ్యెత్తింది. “అయితే నా డ్రాగన్‌కి పళ్ళు ఊడొచ్చా, కూడదా? సగం రాసేశాను.”

“ఊడొచ్చు. ఊడవని కూడా ఏ పుస్తకంలోనూ లేదు.”

“మరి డ్రాగన్ ఎక్కొచ్చా?”

“అది మాత్రం కుదరదు. దిగండి.”

అలా అంటూనే దారిచూపు అసలు ప్రతి తీసుకెళ్ళి టికెట్లాయన ముందు పెట్టాడు. టికెట్లాయన దాన్ని వేలితో వెనక్కి తోసేశాడు.

“నాకొద్దు స్వామీ. ఆరేళ్ళనించి హాయిగా కథలు రాసుకుంటున్నా. ఈ గోడ పక్కన ఇంకో కుర్చీ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నా, అంతే. ఇదుగో, ఇలా కూర్చో.” పక్క కుర్చీ దులిపి చూపించాడు. “దాన్ని ఆ టిక్కులు పెట్టినావిడకే ఇవ్వు. మన పాతికమందిలో ఒక్కళ్ళమైనా ఈ పని చేశామా?”

అందరూ మూడో కుర్చీ వైపు తిరిగారు.

“నేను నెల్లాళ్ళకని వచ్చినదాన్ని,” అంది అత్తగారు. సెట్టు టక్కుమంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇంకో రెండు నెలలు ఉండమంటే ఉంటాను. కానీ నలుగురిలో మాట్లాడాలంటే ముందు ఈ పళ్ళ సంగతి తేలాలి. చేసినాయన ఇక్కడే ఉన్నాడు. అందరిముందూ అడుగుతున్నా. ఏ వారం?”

“ఈ వారమే అత్తయ్యగారూ,” అన్నాడు పళ్ళాయన.

నిజంగానే ఆ వారం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, సెట్టు లోపల కొత్త అచ్చు తీయించుకొచ్చాడు. పాత సెట్టు అడుగు గీకి, కొత్త పూత పోసి, ఉడికించి, చల్లార్చి, అంచులు నున్నగా అరగదీశాడు. ఇంటికి తెచ్చిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. పని గదికే వచ్చి, కిటికీ దగ్గర ఎత్తుపీట మీద కూర్చుంది. ఇంతకాలంలో ఒక నోటి సొంతదారు ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. ఆయనకు కాస్త మొహమాటంగా ఉంది.

సెట్టు పెట్టుకున్నాక పళ్ళ మధ్య నీలం కార్బన్ కాగితం ముక్క ఉంచి కొరకమన్నాడు. ఆవిడ కొరికింది. తీసి వెలుతురుకు పట్టి చూశాడు. నీలం మచ్చ ఒకచోట గాఢంగా పడింది. అక్కడ కాస్త అరగదీశాడు. మళ్ళీ కొరకమన్నాడు. ఈసారి మచ్చలన్నీ ఒక్కలా పడ్డాయి.

“ఇప్పుడు ఏదైనా మాట్లాడండి.”

“ముందు కిందికి దిగండి,” అంది ఆవిడ గట్టిగా.

టక్కుమన్న శబ్దం రాలేదు.

“ఇంకోసారి అనండి.”

“వాడి చెప్పులు దొరికాయి.” ఆ మాట చివర ఆయన ఎక్కడ ఆగుతాడో అక్కడే ఆగింది. ఆయన కార్బన్ ముక్కలు ఏరి బుట్టలో వేశాడు. చేతులు కడుక్కుని తుడుచుకుంటూ అడిగాడు.

“వచ్చే నెల మొదటి ఆదివారం నేనెక్కడ కూర్చోమంటారు? టికెట్లాయన పక్కనా?”

“వెనక కూర్చునేది కథలు రాసినవాళ్ళు కదండీ. మీరింకా రాయలేదు.” ఆవిడ అద్దంలో పళ్ళు చూసుకుంటూ అంది. “మూడో కుర్చీలో కూర్చోండి. కిటికీ గాలొస్తుంది. కాగితాలు తెచ్చుకోండి.”