కానే వలయంలో

పోయిన శీతాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నన్ను మేముండే మాసన్ లేక్స్ నుంచి గంట దూరంలో ఉన్న ఒక మైదానానికి తీసుకెళ్లింది. తను చేరిన చరిత్ర క్లబ్బువాళ్లు అక్కడ కానే యుద్ధాన్ని ఆడి చూపిస్తున్నారు. రెండువేల ఏళ్ల పైమాట. ఇటలీలో పెద్ద రోమన్ సైన్యాన్ని అంతకంటే చిన్నదైన కార్తేజ్ సైన్యం చుట్టుముట్టి చంపింది.

రోమన్ల వైపు మనుషులు చాలలేదు. చూడ్డానికి వెళ్లిన నా చేతికి చెక్క డాలు ఇచ్చి మధ్య వరసలో నిలబెట్టారు. మా అమ్మాయిది కార్తేజ్ పక్షం.

"జస్ట్ ముందుకు నడువమ్మా. మేం వెనక్కి తగ్గుతాం, దట్స్ ద ట్రాప్," అని నవ్వుతూ వెళ్లింది. ఇబ్బందైతే "హోల్డ్" అని అరవమన్నారు. అందరూ ఆగిపోతారట.

నడిచాం. ఎదుటివాళ్లు వెనక్కి జరుగుతుంటే గెలుస్తున్నామని నాకు సరదా వేసింది. అంతలో రెండు పక్కల నుంచీ డాళ్లు ఒత్తుకొచ్చాయి. వెనక దారి మూసుకుపోయింది. బురదలో ముందెవరో జారిపడ్డారు. అది తెలియని వెనకవాళ్లు తోస్తూనే ఉన్నారు. నా చేతులు డాలు వెనక ఇరుక్కున్నాయి. పాదాలు నేలకు ఆనడం లేదు. నా ముఖానికి జానెడు దూరంలో ఒక పెద్దాయన పెదవులు నీలంగా మారుతున్నాయి. నన్నే చూస్తున్నాడు. ఆయనకు గొంతు పెగలడం లేదు. అరవమన్న ఆ మాట నాకు గుర్తుకు రావడం లేదు.

ఉన్న కాస్త ఊపిరితో, "తల్లీ, ఊపిరాడట్లేదే," అన్నాను.

చూసేవాళ్లు నటన అనుకుని చప్పట్లు కొడుతున్నారు. నేను కాక అక్కడ తెలుగు వచ్చింది మా అమ్మాయి ఒక్కదానికే. తను డాలు పారేసి "హోల్డ్" అని అరవడం వినిపించింది. జనం విడిపోవడానికి నిమిషం కూడా పట్టలేదని తర్వాత చెప్పారు. ఆ నిమిషంలో నేను చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

పెద్దాయన్ను గడ్డి మీద పడుకోబెట్టారు. అంబులెన్స్ వచ్చేసరికి ముఖంలోకి రంగు తిరిగింది. రెండు పక్కటెముకలు విరిగాయట. నాకు గాయాలేమీ కాలేదు.

తిరిగి వస్తుంటే మా అమ్మాయి కారును రెండుసార్లు గీత దాటించింది. కారు పక్కకు ఆపమన్నాను. ఇద్దరం దిగి గోధుమచేను కంచె దగ్గర నిలబడ్డాం.

"ఐ వాజ్ పుషింగ్ టూ, అమ్మా. నీ వైపే," అంది.

ఏడుస్తూ నన్ను కావలించుకోబోయింది. నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను.