షహజాది తెరిచి ఉంచిన విండో

మా కంటైనర్ యార్డులో కంప్యూటర్లు చూసే షహజాదికి నిదానం ఎక్కువ. నాకది బొత్తిగా లేదు కాబట్టి ఆమెను చూస్తే ఒక్కోసారి ఒళ్లు మండేది. లారీలకు గేటు చీటీలిచ్చేది ఆమె చూసుకునే లినక్స్ సర్వరే. ఈసారి దానివల్ల ఇబ్బందొస్తే కాంట్రాక్టు పొడిగించనని మేనేజరు ముందే చెప్పేశాడు. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే.

ఆ ఉదయం మార్చాల్సింది సర్వర్లోని మూల లైబ్రరీని, అంటే ప్రోగ్రాములన్నీ పంచుకునే ఫైలుని. ప్రతి కమాండూ దాని మీదే నడుస్తుంది. అది చెడితే కొత్తగా లాగిన్ కూడా అవలేం. అందుకని పని తన బల్ల దగ్గర మొదలుపెట్టేముందే, నేను చీటీలు చూసే గేటు గదిలో, నా పక్కనున్న కంప్యూటర్లో సర్వర్‌కి ఇంకో విండో తెరిచి, ఏ లైబ్రరీ అక్కర్లేని చిన్న రిపేరు ప్రోగ్రాం అందులో నడిపి ఉంచింది.

"అర్జునరావన్నా, దీన్నెవర్నీ ముట్టుకోనీకు," అంది.

మార్పు నడుస్తుండగా చీటీలు సరిగా వస్తున్నాయో లేదో చూడ్డానికి గేటు దగ్గరికొచ్చింది. ఈలోగా సూపర్‌వైజర్ నరసింహమూర్తిగారు షిఫ్టు దిగుతూ ఆమె బల్ల మీదున్నవన్నీ మూసేశారు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, తెరిచున్నది ఏదైనా మూసి వెళ్లడమే ఆయనకు తెలిసిన జాగ్రత్త. షహజాదికి ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

దాంతో మార్పు సగంలో తెగింది: పాత లైబ్రరీ పోయింది, కొత్తది ఇంకా చేరలేదు. షహజాది బల్ల దగ్గరికెళ్లి మళ్లీ లాగిన్ అవబోతే కాలేదు. నేరుగా నా పక్కనొచ్చి కూర్చుంది. ఇంటికి పోతూ గేటు గదిలోకొచ్చిన మూర్తిగారు, బల్ల మీదవన్నీ తానే మూసేశానని చెప్పి, ఏం జరిగిందో తెలిసి అక్కడే ఆగిపోయారు. గేటు ప్రోగ్రాం పాత లైబ్రరీని మెమరీలో పట్టుకునే ఉంది కాబట్టి లారీలు పోతూనే ఉన్నాయి. ఆమె ఆ రిపేరు ప్రోగ్రాంతో, ముందే తీసిపెట్టుకున్న పాత లైబ్రరీ కాపీని దాని చోట పెట్టింది, వేరే విండోలో లాగిన్ అయి చూసుకుంది, అప్పుడు మార్పు మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసింది. గేటు ప్రోగ్రాం కూడా కొత్త లైబ్రరీని అందుకునేలా, రెండు లారీల మధ్య దాన్ని ఆపి మళ్లీ నడిపింది. చీటీ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో మేనేజరు ఫోను. ఇందాక తన గదిలోంచి సర్వరు తెరుచుకోలేదట, ఎవరు పాడుచేశారో చెప్పమని. షహజాది మూర్తిగారి వైపు చూడకుండా కీబోర్డు పక్కకు సర్దింది.

మూర్తిగారు ఫోన్ అందుకున్నారు. "నేనేనండి. ఆ అమ్మాయి పని మధ్యలో ఉంటే మూసేశాను. బాగుచేసింది తనే."

పొద్దుటినుంచీ చెక్కుచెదరని షహజాది అప్పుడు ఏడ్చింది. ఆయన బయటికి వెళ్లాక, ఇంకెందుకమ్మా ఏడుపు అన్నాను.

"సర్వరు గురించి కాదన్నా. ఆయన పేరు నాను సెప్పాల్సొత్తాదేమోనని బయపడిపోయాను."