ఎవరీ తండ్రిమ్మ?

మా క్యాథలిక్ యూనివర్సిటీ ప్రచురణ విభాగాన్ని నడిపిన సిస్టర్ పోయిన నెల నిద్రలోనే కన్నుమూశారు. పొద్దున్నే కాన్వెంటు నుంచి ఫోన్ చేసి చెప్పారు. నాకు ముందు ఏడుపు రాలేదు, చిరాకు వచ్చింది. ఆఫీసు బల్ల మీద పుస్తకాల కట్టలనూ జిగురు గిన్నెనూ అలా వదిలేసి ఎలా వెళ్తారు అనిపించింది.

మా పుస్తకాలు కొన్నవారికి ఆవిడ తెలిసే ఉంటారు. అట్ట తెరవగానే మీ ఒళ్లో రాలిపడే తప్పొప్పుల చీటీ ఆవిడ పనే. అచ్చయి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ మళ్లీ మొదటి నుంచి చదివేవారు. "అచ్చయ్యాక చదివి ఏం లాభం సిస్టర్?" అని, ఆవిడ దగ్గర ప్రూఫులు చూసే నేను ఒకసారి గొణిగాను.

"తప్పొప్పులు అన్నాక ఒప్పుకునేది కూడా అందులోనే ఉండాది పాపా," అన్నారు.

గుత్తి దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. ఎన్ని పరిశోధన గ్రంథాలు దిద్దినా మాట మారలేదు. ఆదివారం పూజ ముగియగానే నాకు ఫోన్ చేసి, ఏదో పేజీలో కామా ముందు ఖాళీ ఉందని చెప్పేవారు. కాన్వెంటులో చదివినదాన్ని, సిస్టర్లకు ఎదురు చెప్పడం నాకు రాదు. లోపల్లోపల ఉడికిపోవడం మాత్రం ఆవిడ దగ్గరే బాగా నేర్చుకున్నాను.

ఆవిడ చివరి పుస్తకం ధర్మవరం నేత కుటుంబం నుంచి వచ్చిన ఒక లెక్చరర్ రాసింది. మగ్గం దగ్గర తన నాయనమ్మ పాడిన పాటల మీద పరిశోధన. సారు ఒకచోట నాయన అనీ, ఒకచోట తండ్రి అనీ రాశారు. ఒక పుస్తకంలో ఒకే మాట ఉండాలన్నది సిస్టర్ నియమం. పాటలు ముట్టుకోకుండా, మిగతాచోట్ల తండ్రి అని పెట్టమన్నారు. నేను చివరి ప్రూఫు చూసి ఇచ్చేశాక మా డీటీపీ అన్న పాటలు వదిలేసి, మిగతా అంతటికీ కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి, 'నాయన' ఉన్నచోటల్లా 'తండ్రి' చేసి నేరుగా అచ్చుకు పంపాడు.

కట్టలు వచ్చాయి. సిస్టర్ ఒక ప్రతి తెరిచి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఎవురు పాపా ఈ తండ్రిమ్మ?"

అంకితం పేజీలో 'మా తండ్రిమ్మకు' అని ఉంది. లోపల ప్రతి అధ్యాయంలోనూ ఆవిడే.

"అన్నీ ఒక్క దెబ్బకే మారిపోయినాయి సిస్టరమ్మా," అన్నాడు డీటీపీ అన్న, సంగతి తెలియక సంతోషంగా.

"మారినాయి లేప్పా. ముసలామె కూడా మారిపోయింది."

ఒక చీటీ పెడితే సరిపోయేది. కానీ 'నాయనమ్మ' అని సన్నటి కాగితం ముక్కలు అచ్చువేయించి, ప్రతి తండ్రిమ్మ మీదా చేత్తో అంటించాలన్నారు. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపించారు. అనంతపురంలో, మే నెలలో. ఒక ముక్క వంకరగా పడితే ఊడబెరికి మళ్లీ అంటించాలి. పైగా ఒక పేజీ అన్ని ప్రతుల్లోనూ పూర్తయితేగాని రెండో పేజీ ముట్టనివ్వరు. అందుకే వారాలు గడిచినా పూర్తయిన పుస్తకం ఒక్కటి కూడా లేదు.

ఒకరోజు సారు వచ్చి బతిమాలారు. "అవ్వ మంచం పట్టింది సిస్టరమ్మా. ఆమెకు చదువే రాదు. ఏం రాసినా తెలీదు. ఒక్కటి ఇయ్యండి, కండ్లు మూసేలోగా చేతిలో పెడతా."

"చదువు రాదని ఆమె పేరు మన ఇష్టమొచ్చినట్లు వేస్తామా సారూ?"

సారు నావైపు చూశారు. నేను జిగురు గిన్నె వైపు చూశాను.

ఆ తర్వాత సిస్టరే ముందు వెళ్లిపోయారు. సమాధి చేసి వచ్చిన మర్నాడు, కొత్తగా బాధ్యత తీసుకున్న ఫాదర్ గారు, "చీటీ పెట్టి పంపించెయ్యమ్మా, చాలు," అన్నారు. నేను నాలుగేళ్లుగా అనాలనుకున్న మాటే. ఆ మధ్యాహ్నమే సారు వచ్చారు.

"ఇప్పుడన్నా ఇస్తారా మేడం? అవ్వ నిన్నట్నుంచి గంజి కూడా తాగల్యా."

పైనున్న ప్రతి తీశాను. అంకితం పేజీలో సిస్టర్ అంటించిన ముక్క, కాస్త కూడా వంకర లేకుండా. మొదటి అధ్యాయం దాటాక అంతా తండ్రిమ్మే. ఇచ్చేస్తే అయిపోయేది. నేను లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేశాను.

"ఏం మేడం, మీరు కూడానా?"

"కూర్చోండి సార్. మీరు కత్తిరించండి, నేను అంటిస్తా."

సిస్టర్ మీద నాకు ఎన్నడూ అంత కోపం రాలేదు. ఆ కోపంతోనే ఆఖరి పేజీ దాకా అంటించాను. మిగతా ప్రతులు కూడా ఇలా అంటించాకే బయటికి వెళ్తాయని ఫాదర్ గారికి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సాయంత్రం సారుతో పాటు ధర్మవరం బస్సెక్కాను.

అవ్వకు ప్రాణం ఉంది, చూపు లేదు. సారు పుస్తకం తెరిచి ఆమె చేతికింద పెట్టారు. పట్టు బట్టను చూసినట్టు ఆమె బొటనవేలితో కాగితాన్ని మెల్లగా నిమిరింది. వేలు ఒకచోట ఆగింది.

"ఈడ ముడి పడిండాది కదరా."

"ముడి కాదవ్వా. ఆడ ఉండేది నువ్వే."

"నేనా?"

ఆమె ఆ ముక్కను ఇంకోసారి తడిమింది. తర్వాత వేలు కిందికి జరుపుకుంటూ, ఆ పేజీలో తాను ఇంకా యాడ ఉందో వెతుక్కోసాగింది.