అనీసా మింగిన అయోడిన్

చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో అనీసా భౌతికశాస్త్రం చెబుతుంది. భర్త జుల్ఫికర్ రేణిగుంటలో ఒక గోడౌను సూపర్‌వైజరు. పోయిన ఏడాది ఎండాకాలంలో ఆమె గొంతు మీద చిన్న గడ్డ కనబడింది. పరీక్షలు చేసి థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌తో గ్రంథి తీసేశారు. ఎక్కడైనా మిగిలిన కణాలు చావాలంటే రేడియోధార్మిక అయోడిన్ మాత్ర మింగాలని, మింగాక కొన్నాళ్లు ఎవరి దగ్గరికీ పోకూడదని, ముఖ్యంగా నాలుగేళ్ల కూతురు సబియాను ఎత్తుకోకూడదని చెప్పారు.

అనీసా తల్లి రహిమున్నీసాకు ఆ మందు పేరు వింటేనే వణుకు.

"బాంబుల్లో ఉండేది గదా అది? లోపలికి పోయి పేలితే?"

"పేలదమ్మీ. దాని శక్తి రోజురోజుకీ తగ్గిపోతాది."

"నువ్వు సూసినావా?"



ఆస్పత్రికి పోయే ముందు వారమే తొమ్మిదో తరగతిలో పరమాణువు పాఠం వచ్చింది. పదార్థాన్ని కోస్తూ పోతే ఇక కోయలేని రేణువు మిగులుతుందని పూర్వం కొందరు ఊహించారని మొదలుపెట్టింది. డాల్టన్ తూకాలు వేసి, పరమాణువును విడగొట్టలేమన్నాడు. థామ్సన్ అందులో ఎలక్ట్రాన్లున్నాయని, పుచ్చకాయలో గింజల్లా పొదిగి ఉంటాయని అన్నాడు. రూథర్‌ఫర్డ్ పల్చని బంగారు రేకు మీదికి కణాలు వదిలితే దాదాపు అన్నీ దూసుకుపోయాయి, ఏవో కొన్ని మాత్రం వెనక్కి తిరిగాయి. అంటే పరమాణువులో చాలావరకు ఖాళీయే, నడుమ గట్టి కేంద్రకం ఉంది. బోర్ ఎలక్ట్రాన్లకు కక్ష్యలు గీశాడు. తర్వాతివాళ్లు అలాంటి గీసిన దారులు లేవని, ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో మాత్రమే చెప్పగలమని అన్నారు.

ముందు బెంచీలోని భానుశ్రీ లేచింది. "అందరూ తప్పే చెప్పినారు గదా మేడమ్. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మేది?"

అనీసా చెయ్యి తెలియకుండానే మెడ మీది కుట్ల దగ్గరికి పోయింది. ఒకప్పుడు ఈ మందును చాలామందికి ఎక్కువ మోతాదులో ఇచ్చేవారని, ఇప్పుడు తగ్గించారని తను ఫోన్లో చదివింది. రేపు అసలు వద్దంటారేమో.

"అంతా తప్పు కాదమ్మా. డాల్టన్ లెక్కలు ఇప్పటికీ పనికొస్తా ఉండాయి. ప్రయోగానికి సరిపోని చోటే మార్చినారు" అంది. పిల్ల కూర్చుంది. అనీసాకు మాత్రం ఆ మాట చాలలేదు.

మాత్ర ఇచ్చే రోజు డాక్టర్ ఉదయలక్ష్మిని నేరుగా అడిగేసింది. "రేపు ఈ మందు అక్కర్లేదని తేలితే, మేడమ్?"

"తేలొచ్చు. ఇప్పటికే కొందరికి మానేసినాం. మీకు క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథుల్లోకి పాకింది కాబట్టి ఇస్తా ఉండాం. ఈ రోజుకి మాకు తెలిసింది ఇంతే" అంది డాక్టరు.

భయం పోలేదు. కానీ అబద్ధం చెప్పని మనిషి చేతి మందు మింగొచ్చనుకుంది.

సీసపు డబ్బాలోంచి మాత్ర ఇచ్చి టెక్నీషియను గబగబా దూరం జరిగాడు. తలుపు మూసుకుంది. మిగిలిన మందు తొందరగా బయటికి పోవాలని మాటిమాటికీ నీళ్లు తాగుతూ కూర్చుంది. తన ఒంట్లో ఇప్పుడు అయోడిన్ కేంద్రకాలు క్షీణిస్తున్నాయి. వాటిలో ఏది ఎప్పుడు క్షీణిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతోంది. అప్పుడది బోర్డు మీది సంగతే.

స్కానింగులో ఇంకెక్కడికీ పాకలేదని తేలింది. ఇంటికొచ్చాక మేడ మీది గదిలో ఒంటరిగా ఉండి, గడువు తీరాక కిందికి దిగింది. సబియా అమ్మమ్మ వెనక దాక్కుంది.

"ముట్టుకుంటే అమ్మీకి నొప్పొస్తాదని చెప్పి పెట్టినా. లేకుంటే ఆగేది కాదు" అంది రహిమున్నీసా తల దించుకుని.

ఇక పిల్లను ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పినా అనీసా చేతులు చాపలేకపోయింది. గడప మీద కూర్చుంది. చాలాసేపటికి పిల్లే వచ్చి, "నొప్పా?" అంటూ ఆమె మోకాలిని వేలితో తాకి చూసింది.

"లేదు" అంది అనీసా. ఆ రాత్రి నుంచి సబియా మళ్లీ ఆమె పక్కనే పడుకుంటోంది. తర్వాతి పరీక్ష డిసెంబరులో.