కాటా చీటీలో మైనస్ పత్తి

ట్రాక్టరు నిండా పత్తి తెచ్చిన రైతుకి, నువ్వు పత్తి తేలేదు సరికదా మిల్లు పత్తే ఇరవై ఏడు క్వింటాళ్లు పట్టుకుపోయావని చీటీ ఇప్పించిన ఘనత నాది. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ నిదానంగా నవ్వండి. నిదానం విలువ తెలియకే నేను ఈ ఘనత సంపాదించుకున్నాను.

అప్పుడే ఇంజినీరింగు పూర్తయి, చిలకలూరిపేట హైవే పక్కన ఒక జిన్నింగ్ మిల్లులో మూడు నెలల ప్రొబేషన్ మీద చేరాను. పని నచ్చితే ఉంచుతారు. నచ్చకపోతే గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ ముందే చూసిపెట్టిన బ్యాంకు పరీక్షల కోచింగే గతి.

మిల్లు గేటు పక్కన కాటా ఉండేది. కాటా అంటే ట్రాక్టరుని వెనక తగిలించిన ట్రక్కుతో సహా తూచే పెద్ద ఇనుప పలక. పత్తితో ఒకసారి తూస్తారు, దించాక ఖాళీ బండిని ఒకసారి తూస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది రైతు పత్తి. కాటా గదిలో కోటేశ్వరరావుగారని పెద్దాయన. ముప్పై ఏళ్లలో ఆయన తూకం మీద ఒక్క తగాదా రాలేదు. రైతులు ఆయనిచ్చిన చీటీని చదవకుండానే జేబులో పెట్టుకునేవాళ్లు.

ఆ చీటీలిచ్చే ప్రోగ్రాము కూడా ఆయనే రాసుకున్నాడు, వయసులో ఉండగా నేర్చుకున్న బేసిక్ భాషలో. పాత కంప్యూటరు రేపో మాపో అన్నట్టుంటే, దాన్ని కొత్త కంప్యూటరులోకి మార్చమని మేనేజరు నాకు చెప్పాడు. బుద్ధిమంతులైతే ఆ నాలుగు పేజీలూ కూర్చుని మళ్లీ రాసేస్తారు. నాకది చిన్నతనమనిపించింది. బేసిక్‌లో ఏం రాసినా దాన్ని జావాస్క్రిప్ట్ భాషలోకి దానంతటదే మార్చేసే కంపైలర్ రాశాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదన్నమాట. పిచ్చుకకి ఏమీ కాలేదు.

పాతది చీటీ ఇవ్వడానికి నలభై సెకన్లు తీసుకునేది. నాది నాలుగు నిమిషాలు తీసుకుంది.

"ఏంటమ్మాయ్, కొత్తదానికి నిద్రొచ్చిందా?" అన్నాడు కోటేశ్వరరావుగారు.

"రెండు రోజులాగండి బాబాయ్ గారూ, పరిగెత్తిస్తాను."

"పరుగెందుకులే. నడిస్తే చాలు."

వింటేగా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త ఇంజినీరు అసలు పక్కమనిషినే ఎరగదు. నా కంపైలర్ ఒక్కో లైను కోసం మళ్లీ మొదటి లైను నుంచీ వెతుక్కుంటూ వస్తోందని కనిపెట్టాను. దాన్ని సరిచేశాను. తరవాత ఇంకోటి కంటబడింది. ప్రోగ్రాము నడుమ ఒక లైను ఒకటి నుంచి ముప్పై వేలదాకా లెక్కపెడుతోంది. ఆ లెక్కతో ఏం చేస్తోందయ్యా అంటే, ఏమీ చెయ్యడం లేదు. లెక్కపెట్టడం, ఊరుకోవడం.

పాపం పెద్దాయనకి తెలియక రాసుంటాడనుకుని జాలిపడ్డాను. జాలిపడేబదులు ఒక్కమాట అడిగితే నా సొమ్మేం పోయింది? ఎవరికీ అక్కరలేని లెక్క ఎక్కడ కనిపించినా పీకెయ్యమని కంపైలర్‌కి నేర్పించాను. మీట నొక్కగానే, రెప్పవేసేలోపు తూకం పడింది. మేనేజర్ని పిలిచి చూపించాను. ఆయన "భేష్" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, బ్యాంకు కోచింగు సంగతి మర్చిపొమ్మని మా అమ్మకి చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బండి అంజయ్యది. రెండెకరాల కౌలు రైతు, ఆ ఏటి మొదటి తీత, అంటే తొలిసారి ఏరిన పత్తి మొత్తం ట్రక్కులో ఉంది. బండి కాటా ఎక్కింది, కోటేశ్వరరావుగారు మీట నొక్కాడు, అంజయ్య వచ్చి కిటికీ దగ్గర మంచినీళ్లు తాగాడు. పత్తి దించారు. ఖాళీ బండి వచ్చేసరికి పెద్దాయన చేతిలో టీ గ్లాసుంది. టీ తాగి, గ్లాసు పక్కనపెట్టి, అప్పుడు నొక్కాడు. చీటీ వచ్చింది. అంజయ్య అలవాటు ప్రకారం చదవకుండా జేబులో పెట్టుకుని ఆఫీసుకెళ్లాడు.

రెండు నిమిషాల్లో మేనేజరూ అంజయ్యా కలిసి కాటా గదికొచ్చారు.

"మైనస్ ఇరవై ఏడు క్వింటాళ్లా?" అన్నాడు మేనేజరు.

"నాకీ మైనస్‌లు తెలియవు గానీ కోటేశ్వరరావుగారూ, ఇంతకీ నేను పత్తి తెచ్చినట్టా, తీసుకుపోయినట్టా?" అన్నాడు అంజయ్య.

పెద్దాయన మొహం పాలిపోయింది. గేటు బయట వరసలో ఉన్న రైతులు దిగి వచ్చేశారు. "ఏరా, కాటా తేడా అంట" అని ఒకడంటే, "ఈయన కాటా కూడానా" అని ఇంకొకడన్నాడు. ముప్పై ఏళ్ల పేరు మూడు నిమిషాల్లో పోతోంది.

"ఆ ఖాళీ లెక్క నేనే తీసేశాను బాబాయ్ గారూ. అదేం చెయ్యడం లేదు కదా అని" అన్నాను గొణుగుతూ.

ఆయన నావైపు చూసి, కిటికీలోంచి కాటా చూపించాడు. రెండో బండి ముందు చక్రాలు అప్పుడే పలక ఎక్కుతున్నాయి.

"నేను ఇప్పుడు నొక్కుతాను. ముప్పై ఏళ్ల అలవాటు. ట్రక్కు మొత్తం ఎక్కి, ఊగడం మాని, మనిషి దిగి ఇక్కడికొచ్చి నీళ్లు తాగేదాకా అది లెక్కపెట్టుకుంటుంది. అప్పుడు తూస్తుంది."

అంటే నా వేగానికి అంజయ్య నిండు బండిలో తూకానికి దక్కింది ముందు చక్రాలు మాత్రమే. టీ పుణ్యమా అని ఖాళీ బండి మాత్రం పూర్తిగా తూగింది.

"అదేదో పక్కన ఒక ముక్క రాసిపెట్టొచ్చు కదండీ" అన్నాను ఏడుపుగొంతుతో.

"నేనే రాసి నేనే నొక్కేదానికి, నాకు నేను ఉత్తరం రాసుకోవాలా?"

తరవాత ఆయన బయటికెళ్లి రైతులందరి ముందూ చెప్పాడు. "తప్పు నాదే. మీట నొక్కింది నేను. అంజయ్యా, నీ పత్తి ఒక్క పువ్వు పోదు, మళ్లీ ఎక్కించి తూద్దాం." నా పేరు ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

అదృష్టం కొద్దీ పొద్దున ఊడ్చిన అరుగు మీద పడ్డ మొదటి పత్తి అదే. ఇంకెవరిదీ కలవలేదు. కూలీలతోపాటు నేనూ ఎత్తాను. జుట్టులో పత్తి, ముక్కులో పత్తి, నాలుగేళ్ల చదువు చంకలో పత్తి. హైవే దాకా బండ్లు ఆగిపోయాయి. రెండు గంటలకి తూకం సరిగ్గా పడితే అంజయ్య ఆ చీటీ తీసుకుని, నా కళ్లముందే, చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఆ లైను మళ్లీ పెట్టాను. కొత్త కంప్యూటరు ముప్పై వేలూ చిటికెలో లెక్కపెట్టేసింది. చివరికి, ఖాళీ లెక్క కనబడితే నలభై సెకన్లు చేతులు కట్టుకుని నిలబడమని కంపైలర్‌కి నేర్పించాను.

"ఇంతకీ వేగం ఎంత పెరిగింది?" అన్నాడు మేనేజరు.

"ముందున్నంతే ఉంది సార్."

"మరి నెలరోజులుగా ఈ అమ్మాయి చేసిందేంటి?"

"ఏమీ చెయ్యకపోవడం ఎలాగో కంప్యూటరుకి నేర్పింది సార్. అది ఎవరికిపడితే వాళ్లకి రాదు, ఉంచుకోండి" అన్నాడు కోటేశ్వరరావుగారు. ఉంచుకున్నారు.

కాబట్టి గుంటూరు మిరపకాయ కొరికి, మంచినీళ్లు ముట్టకుండా ప్రమాణం చేస్తున్నాను. ఏ పనీ చెయ్యనట్టు కనిపించేది ఏదైనా సరే, అదెందుకుందో అడిగి తెలుసుకోకుండా ఇక ఈ జన్మలో తొలగించను.

ఇదంతా రాసి ఇంట్లో చదివి వినిపించాను. పొద్దుటినుంచీ సోఫాలో పడుకునున్న మా ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఆ మాట మీదుండు."