సీలు తీయని రికార్డు

అమెరికాలోని ఫ్రిస్కోలో మోహన్ ఇంటికి భోజనానికి వెళ్తే పప్పు కంటే ముందు ఉపన్యాసం వడ్డిస్తాడు. హాల్లో దేవుడి పటాల పక్కనే చెక్క స్టాండు మీద, ప్లాస్టిక్ సీలు తీయని గ్రామఫోను రికార్డొకటి కొలువై ఉంటుంది. తొంభైల్లో న్యూయార్క్ కుర్రాళ్లు చేసిన ర్యాప్ ఆల్బమ్.

"ర్యాప్ హిస్టరీని ఈ ఆల్బమ్‌కి ముందు, తర్వాత అని డివైడ్ చేయాలండీ. దీని ముందు ఇప్పటివాళ్లదంతా చెత్త," అంటాడు.

భార్య రేణుకి ఈ ముక్కలు కంఠతా వచ్చు. పెళ్లయిన ఇన్నేళ్లలో అందులో ఒక్క పాటైనా ఆ ఇంట్లో మోగలేదు. ఆయనగారి పాండిత్యమంతా యూట్యూబ్‌లో ఎవరెవరో చెప్పగా విన్నదేనని ఆమె ఏనాడో కనిపెట్టింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

కూతురు ఆద్య హైస్కూల్లో చదువుతోంది. తనే ర్యాప్ రాసుకుని పాడుతుంది.

"నాన్నా, ఫ్రైడే టాలెంట్ షో ఉంది. నువ్వు రావాలి. జస్ట్ విను, చాలు," అంది.

"హిస్టరీ తెలీకుండా ర్యాప్ ఏంటమ్మా? పైగా ఆ బూతులు," అని మోహన్ పెదవి విరిచాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి. పిల్ల మొహం చూసి రేణుకి ఒళ్లు మండింది.

ఆ వారంలోనే దసరా వచ్చింది. రేణు కారుకీ, లాప్‌టాప్‌లకీ, మిక్సీకీ బొట్లు పెడుతూ రికార్డుకీ ఇంత గంధం, కుంకుమ పెట్టింది. దేవుడి సరసన కూర్చోబెట్టిన వస్తువుకి బొట్టు పెడితే తప్పేమిటనుకుంది. మోహన్ లబోదిబోమంటూ తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. ఆ కంగారులో పాత ప్లాస్టిక్ పర్రున చిరిగింది. చింపింది ఆయనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేకపోయింది.

"ఎలాగూ ఓపెన్ అయింది కదా, విందాం నాన్నా," అని ఆద్య తన గదిలోంచి ప్లేయర్ తెచ్చింది.

పండగ భోజనానికొచ్చిన మోహన్ స్నేహితుడు శ్రీధర్ కుటుంబం సోఫాలో సర్దుకుంది. పాట మొదలైంది. రెండు లైన్లు దాటగానే బూతులు వరసకట్టాయి. ఆద్య పెదవులు ప్రతి మాటకీ కదులుతున్నాయి. మోహన్ అట్ట తిప్పి తిప్పి చూశాడు.

"ఇది అది కాదేమో. షాపువాడు లోపల వేరేది పెట్టాడు. ఆపు," అన్నాడు.

"అదే నాన్నా," అంది ఆద్య. ప్లేయర్ ఆపి, తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

శుక్రవారం షోకి రేణు ఒక్కతే వెళ్లింది. మోహన్‌కి తలనొప్పి వచ్చిందట. ఆద్య పాడినంతసేపూ రేణు పక్క సీటు ఖాళీగానే ఉంది. పిల్లకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది.

తర్వాతి ఆదివారం శ్రీధర్ వాళ్లతో మళ్లీ భోజనాలు. చిరిగిన ప్లాస్టిక్‌ని టేపుతో అతికించి రికార్డుని స్టాండు ఎక్కించాడు మోహన్.

"మా ఆద్యకి ఈ ఆల్బమ్ నేనే వినిపించానండీ. ఆ ప్రైజ్ ఊరికే రాలేదు," అన్నాడు.

ఆద్య తల వంచుకుని అన్నం కలుపుతోంది. రేణు గరిటె గిన్నెలో పెట్టింది.

"శ్రీధర్ అన్నయ్యగారూ, మా అమ్మాయి ఏం పాడిందో ఒకసారి ఆయన్ని అడగండి," అంది.

శ్రీధర్ మోహన్ వైపు తిరిగాడు. "ముందు పప్పు వేసుకోండి," అంటూ మోహన్ గిన్నె అతని ముందుకి జరిపాడు.