మేనేజరు గొంతు

రిసెప్షనిస్టు ఉద్యోగం కోసం అమ్మాజీ ఇంగ్లీషులో రాసుకున్న దరఖాస్తును, బంజారాహిల్స్‌ ఆఫీసులో ఒక మేనేజరు ఆమె ఎదుటే స్టాఫంతటికీ పైకి చదివి వినిపించాడు. తప్పు దొరికిన ప్రతిచోటా ఆగి, గొంతు సాగదీసి, మళ్ళీ చదివాడు. అందరూ విరగబడి నవ్వారు. కాగితం అక్కడే ఉండిపోయింది గానీ ఆ గొంతు మాత్రం అమ్మాజీ వెంట వచ్చేసింది.

రాక ఏం చేస్తుంది? ఆమె ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతుంది. హీరోయిన్లకు కాదు, పెళ్ళి సీన్లో పేరంటాళ్ళకు, బస్సులో తిట్టుకునే ఆడవాళ్ళకు. ఒకసారి విన్న గొంతు ఆమెను వదలదు. కొన్నాళ్ళు ఏడ్చి, తరవాత ఆ గొంతుకే పని చెప్పింది. రహమత్‌నగర్‌లో వాళ్ళ వీధిలో ఎవరు ఉద్యోగానికి రాసుకున్నా ముందు అమ్మాజీకి ఇస్తారు. ఆమె మేనేజరు గొంతుతో చదువుతుంది. నవ్వొచ్చిన చోటల్లా తిరగరాసుకుంటారు.

మేడమీద గదిలో ఉండే సృజన్‌కు ఇదంతా ఒళ్ళుమంట. పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నవాడు. జూబ్లీహిల్స్ స్టూడియోలో సబ్‌టైటిల్స్ రాసే ఉద్యోగం ఖాళీ ఉందని ప్రకటన పడింది. ఇదీ పోతే గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. అందుకే మొహం మాడ్చుకునైనా దరఖాస్తు పట్టుకుని కిందికి దిగాడు.

అమ్మాజీ మొదటి వాక్యం మధ్యలోనే దగ్గింది.

"ఏంట్రా నాయనా, ఫుల్‌స్టాపులన్నీ అద్దెకిచ్చేశావా? ఊపిరాడి చావట్లేదు."

"గ్రామర్ల తప్పేమన్న ఉందా అక్కా? ఉంటే చూపెట్టు!"

"అది నీకు తెలియాలి. నువ్వే విను."

తన ప్రతిభను ఈ కుళ్ళు లోకం గుర్తించలేదని సృజన్ రాసుకున్న పేరా, మేనేజరు సాగదీతలో పడి మూలిగింది. సృజన్ పళ్ళు బిగించాడు. పెదవి అదిరింది. చివరికి గోడకు చేరగిలబడి నవ్వాడు.

అప్పుడు కూర్చుని తిరగరాశాడు. చిన్న వాక్యాలు. కర్త పక్కనే క్రియ. లోకం మీద కోపం లేదు, బతిమాలడం లేదు. చదువు, వచ్చిన పని, మర్యాదగా ఒక ముగింపు. అమ్మాజీ మళ్ళీ చదివింది. సాగదీయడానికి ఆ గొంతుకు ఎక్కడా చోటు దొరకలేదు.

ఉద్యోగం వచ్చింది. మధురానగర్‌లో గది చూసుకుని, వెళ్ళే రోజు లడ్డూలు పట్టుకుని వచ్చాడు.

"సారు మొత్తం చదివిండు అక్కా. జర గూడ నవ్వలే. ఎప్పటిసంది వస్తవని అడిగిండు."

అమ్మాజీ లడ్డూ నోట్లో పెట్టుకుని, నములుతూనే అంది.

"అయితే మీ స్టూడియోలో రిసెప్షన్ ఖాళీ ఉందేమో కనుక్కో. ఈసారి నేను రాస్తాను, నువ్వు ఆ గొంతుతో చదువు. నవ్వొస్తే మాత్రం ఆపుకోకురోయ్!"